18వ శతాబ్దపు తెలుగు కావ్యాల మీద పరిశోధనకు అచ్చు పుస్తకాలు చాలవా?

పీహెచ్‌డీకి 18వ శతాబ్దపు తంజావూరు కావ్యాలు తీసుకున్నానని, అచ్చు ప్రతులతోనే పని నడుస్తుందా అని అడిగారు. మొదలుపెట్టడానికి నడుస్తుంది. తర్వాత మాత్రం రాతప్రతుల దాకా వెళ్లక తప్పదు.

ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’నే చూడండి. ఆమె తంజావూరు రాజు ప్రతాపసింహుడి (1739–1763) ఆస్థానంలో ఉండేది. 1887లో అచ్చయిన ప్రతిలో, తన వంశం గురించి, తనకు అంకితమొచ్చిన కావ్యాల గురించి ఆమె గర్వంగా చెప్పుకున్న అవతారికే లేదు. కొన్ని పద్యాలూ పోయాయి. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో ప్రచురణకర్తలు వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యం తెచ్చారు. మరుసటి ఏడే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తేయించాక 1952లో మళ్లీ అచ్చయింది. 1887 ప్రతి ఒక్కటే చదివినవాళ్లకు ఆ కవయిత్రి గొంతు వినపడే దారే లేదు కదా! అందుకే ఎవరైనా 18వ శతాబ్దం చివరి రోజుల్ని ‘క్షీణయుగం’ అని కొట్టిపారేస్తే, ఏ ప్రతి చదివి అన్నారని అడగాలనిపిస్తుంది.

రాతప్రతి చదవడం మొదట్లో కష్టమే. పదాల మధ్య ఖాళీ ఉండదు. ‘ధర్మము’ అన్నమాట ‘ధమ౯ము’ అని కనిపిస్తుంది. ఆ ౯ వలపలగిలక. అంటే దాని ముందున్న అక్షరం కంటే ముందు రేఫ (ర్) పలకాలని గుర్తు. నేను చాలా రోజులు దాన్ని తొమ్మిది అంకె అనుకుని పద్యాల్లో గణాలు కుదరక తల పట్టుకున్నాను.

అంతకన్నా పెద్ద పొరపాటు తేదీ దగ్గర చేశాను. ఒక తాళపత్ర ప్రతి చివర ‘వికృతి సంవత్సరం’ అని మాత్రమే ఉంది, శక సంవత్సరం సంఖ్య లేదు. 1830 అని రాసేశాను. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1770 కూడా కావచ్చని తట్టలేదు. సెమినార్‌కు రెండు రోజుల ముందు మా గైడ్ పట్టుకున్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అదృష్టం కొద్దీ తిథి పక్కన వారం కూడా రాసి ఉంది. 1770, 1830 రెండింటికీ పంచాంగం లెక్కకట్టి చూస్తే 1770కే కుదిరింది. వ్యాసంలో సగం తిరగరాయాల్సి వచ్చింది.

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయానికి గానీ, చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి గానీ వెళ్లినప్పుడు ముందు కేటలాగ్ సంఖ్య రాసుకోండి. తర్వాత కావ్యం కంటే ముందు చివరి ఆకు చదవండి. లేఖకుడి పేరు, ఊరు, తిథి, వారం ఉంటే గింటే అక్కడే ఉంటాయి.