అభ్యంగనానికి హాలు సంగతి తర్వాత, ముందు జ్ఞానతండ్రి ఎవరో తేల్చుకోండి

"మా బాబుకి భద్రమైన అభ్యంగనం ఉంది, అందరూ ఇళ్ళల్లో ఎలా చేసుకుంటారు, హాలు మాట్లాడాలా, జ్ఞానతండ్రి ఏం పెట్టాలి" అని అడిగారు కదా. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఈ అభ్యంగనం తలంటు కాదు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన కతోలికులకి బిషప్ గారు నుదుటి మీద తైలం పూసే సంస్కారం, జ్ఞానతండ్రి అంటే అప్పుడు పిల్లాడి వెనక నిలబడే పెద్దమనిషి. మూడు ప్రశ్నల్లో అసలుది ఒక్కటీ లేదండీ. జ్ఞానతండ్రి ఏం పెడతాడు అని కాదు, ఎవడు అని అడగాలి ముందు.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె, తరాలుగా ఆర్‌సీఎమ్‌లం, అంటే రోమన్ కతోలికులం. సిటీ గుళ్ళ సంగతి వేరు, మా లాంటి చిన్న ఊళ్ళకి బిషప్ గారు ఏటా రారు కదా, ఎప్పుడో కొన్నేళ్ళకోసారి వస్తారు, అందుకే ఆ రోజు ఆరో క్లాసు పిల్ల దగ్గర్నుంచి డిగ్రీ చదివే కుర్రాడి దాకా అందరూ ఒకే లైన్లో నిలబడతారు. ఊరంతటికీ పండగే. ఊరి మొదట్లో డప్పులతో ఎదురెళ్ళి దండేసి ఆయన్ని గుడి దాకా తీసుకొస్తారు, ఆడపిల్లలకి తెల్ల గౌన్లు, మగపిల్లలకి తెల్ల చొక్కాలు, ప్రతి ఇంటి ముందూ సొంత టెంటు. ఏ ఇంటి చుట్టాలకి ఆ ఇంట్లోనే భోజనం, పలావు, కోడికూర, పెరుగు చట్నీ, చివర్లో సాంబారన్నం. అంతే, ఇంకేం ఉండదు.

మా తమ్ముడి కొడుకు అభ్యంగనం అప్పుడు జరిగింది చెప్తా వినండి. వాడికి జ్ఞానతండ్రిగా మా వాళ్ళు ఎవర్ని పెట్టారంటే, దూరపు చుట్టం ఒకాయన, కాంట్రాక్టులు చేస్తాడు, బాగా ఉన్నోడు. వాడు పుట్టాక మా ఇంటికి ఆయన వచ్చింది లేదు. "ఉంగరం పెడతాడే, రేపు వీడి చదువుకి కూడా పనికొస్తాడు" అని మా తమ్ముడి లెక్క. సరే, గుళ్ళో పూజ మొదలైంది, బైబిలు పాఠాలు అయిపోయాయి, బిషప్ గారు ప్రసంగంలో పిల్లల్ని పవిత్రాత్మ వరాలు ఏడూ చెప్పమంటే అందరూ జ్ఞానం, వివేకం అని మొదలెట్టి అయిదో దానికి గుటకలు మింగుతున్నారు, ఆ కాంట్రాక్టరు మాత్రం జాడ లేడు. ఫోన్ చేస్తే "దార్లో ఉన్నా" అంటాడు. లైన్ కదులుతోంది. తైలం పూసేటప్పుడు వెనకాల జ్ఞానతండ్రి నిలబడి కుడిచెయ్యి పిల్లాడి భుజం మీద వెయ్యాలి, వీడి వెనక ఖాళీ. మా తమ్ముడు కంగారుగా తనే వెళ్ళబోతే పిల్లలకి మత పాఠాలు చెప్పే ఉపదేశి గారు చొక్కా పట్టుకుని ఆపారు, కన్న తల్లిదండ్రులు నిలబడకూడదు అని.

వీడు అటూ ఇటూ చూసి లైన్లోంచి బయటికొచ్చేసి సరాసరి పాటలోళ్ళ దగ్గరికి పోయి తబలా వాయిస్తున్న వాళ్ళ మేనమామ చెయ్యి పట్టుకుని లాగాడు! మా మరదలి అన్న ఆయన, ప్రతి ఆదివారం వీణ్ణి సైకిల్ మీద సత్యోపదేశానికి, అంటే ఆ మత పాఠాలకి తీసుకెళ్ళేది ఆయనే. పాట మధ్యలో తబలా ఆగిపోయింది, హార్మోనియం ఒక్కటే ఈడ్చుకుంటూ పోతోంది, ఈయన చేతులకి అంటిన పౌడరు పంచెకి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఫాదర్ గారు ఆయన్ని బాగా ఎరుగుదురు కాబట్టి ఏమీ అనలేదు, తలూపారు. తీరా భోజనాల టైముకి కాంట్రాక్టరు గారు దిగారు, కారుతో సహా, ఉంగరం పెట్టారు, ఫోటోలు దిగారు. ఇప్పటికీ ఆల్బమ్ మొదటి పేజీలో ఆయనే ఉంటాడు, ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుద్ది.

రూల్ కూడా కష్టమైనదేం కాదు. పదహారేళ్ళు నిండి ఉండాలి, తను అభ్యంగనం పొందిన కతోలికుడై ఉండాలి, సరిగ్గా బతుకుతూ ఉండాలి, అమ్మానాన్నలు కాకూడదు. జ్ఞానస్నానం అప్పుడు నిలబడినవాళ్ళే మళ్ళీ నిలబడితే మరీ మంచిదని తిరుసభే, అంటే మా కతోలిక సభే చెప్తుంది. బంగారం పెట్టాలని ఎక్కడా లేదు. మా వైపు పద్ధతి బట్టలు పెట్టడం, జపమాల, ఓపిక ఉంటే బైబిలు, అంతవరకే. పుట్టువెంట్రుకలకి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టడం మాత్రం గుర్తుంటుంది మనవాళ్ళకి, ఇక్కడికొచ్చేసరికి డబ్బున్నోడు గుర్తొస్తాడు.

ఇంకో గోల ఫోటోగ్రాఫర్లు. బిషప్ గారు నుదుటి మీద తైలంతో సిలువ గుర్తు వేసే ఆ ఒక్క క్షణం తల్లికి కనపడదు, మధ్యలో ఇద్దరు కెమెరాలు పట్టుకుని వీపు చూపిస్తుంటారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ చూస్తే బిషప్ గారి ఫోటో కన్నా సర్పంచ్ గారిది పెద్దగా ఉంటుంది. మా పెంతెకోస్తు చుట్టాలయితే "మళ్ళీ బాప్తిస్మమా" అని ప్రతిసారీ అడుగుతారు, చెప్పినా మళ్ళీ వచ్చే ఫంక్షన్‌కి అదే ప్రశ్న. ఆదిలాబాద్ వైపు సీరో మలబార్ వాళ్ళకి (వాళ్ళూ కతోలికులే, కేరళ పద్ధతి) ఈ తంటాలు లేవు, పసిబిడ్డప్పుడే జ్ఞానస్నానంతో పాటే ఇదీ అయిపోతుంది. హాయి.

మా నాయనమ్మ మాత్రం పిల్లల్ని తెగ భయపెట్టేది, మేత్రాణులు (బిషప్ గారు) చెంప మీద కొడతారు గట్టిగా నిలబడండి అని. అబద్ధం కాదది, పాత పద్ధతిలో నిజంగానే చెంప మీద మెల్లిగా తట్టేవాళ్ళు, 1971లో ఆరో పౌలు పోపు గారు పద్ధతి మార్చాక అది పోయింది. ఆ తైలం కూడా మామూలుది కాదు, ఈస్టరుకి ముందొచ్చే పవిత్ర వారంలో బిషప్ గారు ఫాదర్లందరితో కలిసి ఆశీర్వదించిన పరిమళ తైలం, ఆలివ్ నూనెలో సుగంధం కలుపుతారు. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా మొహం కడుక్కోనిచ్చేది కాదు నాయనమ్మ. ఎండలో ఆ తెల్ల బట్టలు, జిడ్డు నుదురు, పైన పలావు వాసన...

ఇక హాలు. వద్దండీ. యాభై అరవై మందికి ఇంటి ముందు టెంటు చాలు, వంటమనిషిని ముందే మాట్లాడుకోండి, బిషప్ గారు ఒక ఊళ్ళో పూజ చేస్తుంటే చుట్టుపక్కల వంటవాళ్ళంతా ఆ రోజుకి బుక్ అయిపోతారు. పూజ అనుకున్న టైముకి అవదు, కాబట్టి అన్నం మాత్రం వాళ్ళు గుళ్ళోంచి బయల్దేరాకే దించమనండి. జ్ఞానస్నానం వేరే విచారణలో (వేరే గుడి పరిధిలో) అయ్యుంటే ఆ సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించుకోండి, మా ఊళ్ళో చివరి వారం దాకా ఆగినోళ్ళు గుంటూరుకీ నరసరావుపేటకీ తిరగలేక చచ్చారు.