తవుడు కలిపాక బ్రాయిలర్ బరువు ఎందుకు పడిపోయింది?

మీరు మొక్కజొన్నలో 10 శాతం తీసేసి, దాని బదులు నూనె తీసిన తవుడు కలిపారు. కోళ్లు మేత ఎక్కువ తిని బరువు తక్కువ వచ్చాయి కాబట్టి పీచే కారణమా అంటున్నారు. పీచు కంటే ముందు ఎనర్జీ లెక్క చూడండి.

మొక్కజొన్నలో కిలోకు సుమారు 3,300 కిలో కేలరీలు ఉంటే, ఈ తవుడులో 1,800 దాకానే ఉంటాయి. 10 శాతం మార్పుతో 3,100 ఉన్న మేత 2,950కి దిగింది. కోడి ఆ లోటును ఎక్కువ తిని పూడ్చుకోవాలని చూస్తుంది. పూర్తిగా పూడ్చుకోగలిగినా 1.60 ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి తినే మేత కిలోలు) 1.68 అవుతుంది. మొదటి పది రోజుల పిల్లకు అదీ చేతకాదు. తవుడు తేలిక, పేగు చిన్నది, కడుపు ముందే నిండిపోతుంది. అందుకే స్టార్టర్‌లో (మొదటి పది రోజుల మేతలో) తవుడు వద్దేవద్దు.

సరిదిద్దాలంటే నూనె వాడాలి. మొక్కజొన్న బదులు కలిపే ప్రతి 1 శాతం నూనెకు దాదాపు 55 కిలో కేలరీలు పెరుగుతాయి. అంటే మీ లోటుకు 2.7 శాతం కావాలి. పెల్లెట్ (గుళికల) మేతైతే ఇంత నూనె మిక్సర్‌లోనే పోస్తే పెల్లెట్ పొడి అవుతుంది, కొంత పెల్లెట్ తయారయ్యాక పైన చల్లాలి. ఈ ఖర్చూ వేసి చూస్తే తవుడు చవక అన్న మాట చాలాసార్లు నిలబడదు. తవుడులో ఫైటేట్ (కోడికి సరిగా అందని రూపంలోని భాస్వరం) కూడా ఎక్కువ, ఫైటేజ్ ఎంజైమ్ తప్పక కలపండి.

ఎనర్జీ ఒక్కటే పెంచినా తప్పే. కోడి తక్కువ తింటుంది, లైసిన్ (కండ పెరగడానికి కావాల్సిన అమైనో ఆమ్లం) చాలదు, రొమ్ము కండ బదులు పొట్టలో కొవ్వు పేరుకుంటుంది. గ్రోయర్‌లో (స్టార్టర్ తర్వాతి దశ మేతలో) ప్రతి 1,000 కిలో కేలరీలకు జీర్ణమయ్యే లైసిన్ 3.7 గ్రాములు ఉండేలా చూసుకోండి.

ఇక పీచు సంగతి. నీటిలో కరిగే పీచు (గోధుమ, బార్లీలది) పేగులో జిగురవుతుంది, రెట్ట అంటుకుంటుంది, లిట్టర్ (షెడ్డులో కింద పరిచే పొట్టు) తడిసిపోతుంది. గోధుమకు జైలనేజ్, బార్లీకి బీటా గ్లూకనేజ్ ఎంజైమ్ కావాలి. కరగని పీచు మాత్రం 2–3 శాతం దాకా మేలే చేస్తుంది, ఓట్స్ పొట్టు లాంటిది ముతకగా ఉంటేనే. మెత్తగా ఆడిస్తే కందనకాయలో నిలవకుండా జారిపోతుంది. పొట్టుకు ఎనర్జీ దాదాపు సున్నా కనుక 2 శాతానికి 1.2 శాతం నూనె లెక్కలో వేసుకోవాలి.

కోసిన కోడి కందనకాయను చీల్చి చూడండి. గోడ పలచగా, సంచిలా సాగి ఉంటే మేతలో ముతకదనం చాలడం లేదు. గట్టిగా, మందంగా ఉంటే పొట్టు అవసరం లేదు, ఎనర్జీ సరిచేస్తే చాలు.