ఇంట్లో కట్టుకున్న కిట్ కారుకు ముందు ఇండికేటర్లు: బ్రిటన్ చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. లోటస్ సెవెన్ తరహా కిట్ కారును ఇంటి గ్యారేజీలో కట్టుకుంటున్నాను. ఛాసిస్ కొత్తది, కిట్‌తో వచ్చింది. ఇంజను, గేరుబాక్సు 1963 నాటి ఫోర్డ్ కార్టినా నుంచి తీసినవి. ముందు వైపు పెట్టడానికి మోటారు సైకిళ్ల ఎల్‌ఈడీ ఇండికేటర్లు కొన్నాను. వాటి మీద ‘ఈ’ గుర్తు ఉంది. వాటిని ముక్కు భాగం మీద బిగిద్దామని ఉంది. ఒక స్నేహితుడేమో ‘ఇంజను 1965కు ముందుది కదా, తెల్ల లైట్లు పెట్టినా చెల్లుతుంది’ అంటున్నాడు. ఏది సరైంది? తర్వాత ఈ కారును విజయవాడ తీసుకెళ్లి రిజిస్టర్ చేయించుకోవచ్చా?

జవాబు: ముందు ఒక మాట. ఫైబర్ బాడీకి ఇంకా రంధ్రం చేయకపోతే చేయకండి. మీరు కొన్న లైట్లు, మీరు అనుకున్న చోటు రెండూ పరీక్షలో నిలబడవు.

స్నేహితుడి మాటకు ఆధారం లేకపోలేదు. రోడ్ వెహికల్స్ లైటింగ్ రెగ్యులేషన్స్ 1989 ప్రకారం 1965 సెప్టెంబరు 1కి ముందు మొదటిసారి రోడ్డెక్కిన బండికి ముందు ఇండికేటరు తెల్లగా ఉన్నా తప్పు కాదు. కానీ ఆ సడలింపు బండికి ఇచ్చినది, ఇంజనుకు కాదు. కొత్త ఛాసిస్ మీద కట్టిన కారు చట్టం దృష్టిలో కార్టినా కాదు, ఇప్పుడే పుట్టిన వేరే వాహనం. ఇంజను, గేరుబాక్సు రెండూ ఒకే కార్టినావని రుజువు చేస్తే దాని వయసును బట్టి నంబరు అడగవచ్చు, లేదంటే వయసు తేల్చలేని బండ్లకిచ్చే ‘క్యూ’ నంబరు వస్తుంది. నంబరు ఏదొచ్చినా ఇండికేటర్లు నాలుగు మూలలా అంబర్ రంగులోనే, అంటే ముదురు నారింజ పసుపులోనే వెలగాలి. ముందు మడ్‌గార్డుల పక్కన లేదా బాడీ పక్కన ఒక్కో సైడ్ రిపీటరు, అంటే పక్క నుంచి కనిపించే చిన్న ఇండికేటరు కూడా కావాలి.

మీ కారు రోడ్డెక్కాలంటే అక్కడి ప్రభుత్వ వాహన పరీక్షల సంస్థ డీవీఎస్‌ఏ చేసే ఐవీఏ పరీక్ష నెగ్గాలి. ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ అనే ఈ పద్ధతి 2009లో పాత ఎస్‌వీఏ స్థానంలో వచ్చింది. అక్కడ ఇండికేటరు విషయంలో పరీక్షకుడు ముఖ్యంగా చూసేవి రెండు: లైటు ముందుండే అద్దం మీద ఏం ముద్రించి ఉంది, అది ఎక్కడ బిగించి ఉంది.

అద్దం సంగతి తీసుకుందాం. వలయంలో ‘ఈ’, పక్కన అంకె ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ అంకె అనుమతి ఇచ్చిన దేశాన్ని మాత్రమే చెబుతుంది: 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్, 11 అంటే బ్రిటన్. ఆ లైటు దేనికి పనికొస్తుందో చెప్పేది దాని పక్కనుండే తరగతి అంకె. కారు ముందు ఇండికేటరుకు 1, 1ఎ, 1బి తరగతుల్లో ఒకటి ఉండాలి. మోటారు సైకిల్ ఇండికేటరు 11వ తరగతిది, దాని అనుమతి 50వ నంబరు ఐరాస నిబంధన కింద వస్తుంది. మీ చేతిలో ఉన్నవి అవే. ఎంత ప్రకాశంగా వెలిగినా కారుకు అవి పనికిరావు.

1, 1ఎ, 1బి మధ్య తేడా ప్రకాశంలో ఉంది, అది హెడ్‌లైటుకు ఎంత దగ్గరగా పెడతారన్న దాన్ని బట్టి మారుతుంది. వెలిగే అంచులు రెండింటి మధ్య 40 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ దూరముంటే 1వ తరగతి చాలు (కనీసం 175 క్యాండెలా). 20 నుంచి 40 మి.మీ. మధ్య అయితే 1ఎ (250), 20 మి.మీ. లేదా అంతకన్నా దగ్గరైతే 1బి (400). లోబీమ్ వెలుగులో బలహీనమైన ఇండికేటరు ఎదుటివాడికి కనిపించదు, అందుకే ఈ మెట్లు. మామూలు 1వ తరగతి లైటు కొని హెడ్‌లైటు గిన్నెకు ఆనించి బిగిస్తే లైటు మంచిదే అయినా చోటు తప్పవుతుంది. గుర్తు కింద బాణం ముద్రించి ఉంటే అది కారు బయటి వైపు చూపాలి. ఎడమ, కుడి తారుమారైతే వెలుగు లోపలి వైపుకు పోతుంది.

ఇక చోటు. లైటు వెలిగే భాగపు బయటి అంచు కారు పక్క చివర నుంచి 400 మి.మీ. దాటి లోపలికి ఉండకూడదు. మీ కారు వెడల్పు 1,580 మి.మీ. అనుకుంటే మధ్య గీత నుంచి పక్క చివరకు 790. అంటే లైటు బయటి అంచు మధ్య గీతకు కనీసం 390 మి.మీ. అవతల ఉండాలి. సెవెన్ ముక్కు అంత వెడల్పు ఉండదు, అక్కడ బిగించిన లైటు ఈ కొలత అందుకోదు. రెండు లైట్ల లోపలి అంచుల మధ్య 600 మి.మీ. ఉంచుకోండి. ఎత్తు విషయంలో కింది అంచు నేల నుంచి 350 మి.మీ.కి తగ్గకూడదు, పై అంచు 1,500 దాటకూడదు. కొలిచేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు. కొత్త స్ప్రింగులు కొంత నడిచాక కుంగుతాయి కాబట్టి సరిగ్గా 350 దగ్గర ఆపకుండా మరో 20 మి.మీ. పైకి పెట్టుకోవడం మంచిది.

ఎక్కువమంది దెబ్బతినేది కోణాల దగ్గరే. ఇండికేటరు ముందుకు సూటిగా ఉన్న గీత నుంచి బయటి వైపు 80 డిగ్రీలు, లోపలి వైపు 45 డిగ్రీలు, పైకి 15, కిందికి 15 డిగ్రీల మేర అడ్డు లేకుండా కనిపించాలి. ఎత్తు 750 మి.మీ. లోపే ఉంటే కిందికి 5 డిగ్రీలు చాలు. కోణమాపకం లేకుండానే గ్యారేజీలో చూసుకోవచ్చు. లైటు నుంచి పక్కకు 2 మీటర్లు, ముందుకు 35 సెం.మీ. కొలిచి నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి, అది 80 డిగ్రీలు. ముందుకు 2 మీటర్లు, మధ్య గీత వైపు 2 మీటర్లు కొలిస్తే 45. ఒక మీటరు ముందుకు 27 సెం.మీ. పైకి అంటే 15 డిగ్రీలు, 9 సెం.మీ. కిందికి అంటే 5. కన్ను ఆయా చోట్ల పెట్టి చూడండి. సెవెన్‌లో హెడ్‌లైటు గిన్నెకు వెనకగా, బయటగా పెట్టిన ఇండికేటరుకు లోపలి 45 డిగ్రీలు ఆ గిన్నే మూసేస్తుంది. చక్రానికి మరీ వెనకగా పెడితే బయటి 80 డిగ్రీలు మడ్‌గార్డు మూసేస్తుంది. హెడ్‌లైటు బ్రాకెట్టు మీదే, గిన్నెకు కింద కాస్త ముందుకు వచ్చేలా బిగిస్తే రెండూ తప్పించుకోవచ్చు. చక్రంతో పాటు తిరిగే మడ్‌గార్డు మీద పెట్టవద్దు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా లైటు దిశ మారుతుంది, వైరు ఒకేచోట వంగి వంగి తెగుతుంది.

లైటు కాడ, బ్రాకెట్టు, బోల్టు తలలను ఇంకో నియమం కింద కూడా చూస్తారు. 100 మి.మీ. గోళం తగిలే ప్రతి బయటి అంచు కనీసం 2.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. మెత్తని రబ్బరుకు మినహాయింపు ఉంది. బోల్టుల చివర రబ్బరు టోపీలు పెట్టేది ఇందుకే.

ఎల్‌ఈడీ మీద నిషేధం లేదు. ఎల్‌ఈడీతోనే తయారై 1వ తరగతి ముద్ర ఉన్న లైటు చెల్లుతుంది. మామూలు బల్బు లైటులో బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు దూర్చితే ఆ లైటుకు ఇచ్చిన అనుమతి పోతుంది. వైరింగులోనూ తేడా వస్తుంది. ముందు 21, వెనక 21, రిపీటరు 5, మొత్తం 47 వాట్లు ఒక పక్క. ఇండికేటరును వెలిగించి ఆర్పే పాత రకం ఫ్లాషర్ రిలే ఆ లోడుకు తయారైంది. ఎల్‌ఈడీ పెట్టాక లోడు తగ్గి గబగబా కొట్టుకుంటుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి, అది దాటితే ఫెయిల్. లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ రిలే వేసుకోండి. రెసిస్టర్లు కూడా పని చేస్తాయి గానీ 6 ఓమ్‌లది 24 వాట్ల వేడి పుట్టిస్తుంది, దాన్ని ఫైబర్ మీద బిగించకూడదు. బల్బులే వాడితే, అద్దం అంబర్‌దైతే పీ21డబ్ల్యూ, తెల్లటిదైతే పీవై21డబ్ల్యూ. రెండోదాని పిన్నులు ఎదురెదురుగా ఉండవు, కాబట్టి హోల్డరు కూడా దానికి తగ్గదే కావాలి.

ఫైబర్ బాడీ గుండా కరెంటు రాదు. ప్రతి లైటుకూ విడిగా నల్ల ఎర్తు వైరు ఛాసిస్ దాకా లాగి, బిగించే చోట పౌడర్ కోటింగ్ గీకెయ్యండి. ఎర్తు సరిగా లేకపోతే ఇండికేటరు వేసినప్పుడు పార్కింగ్ లైటు కూడా మసకగా కొట్టుకుంటుంది. బ్రిటిష్ కార్లలో ఆనవాయితీగా ఆకుపచ్చ మీద ఎర్రగీత ఎడమకు, ఆకుపచ్చ మీద తెల్లగీత కుడికి. ఇండికేటరు పని చేస్తోందని డ్రైవరుకు తెలిపే దీపం కావాలి. హజార్డ్ లైట్లు ఒకే స్విచ్చుతో, ఇగ్నిషన్ ఆపి ఉన్నా అన్నీ ఒకేసారి వెలగాలి.

పరీక్ష నెగ్గాక బండ్లను రిజిస్టర్ చేసే సంస్థ డీవీఎల్‌ఏకు కాగితాలతో పాటు కట్టిన వాహనాల కోసం ఉన్న వీ627/1 నివేదిక పంపాలి. ఆ తర్వాత అందం కోసం లైట్లు మార్చాలనిపిస్తుంది చాలామందికి, అక్కడ జాగ్రత్త. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా లైటింగ్ నిబంధనలు ప్రతి రోజూ వర్తిస్తాయి. వాటిని ఉల్లంఘిస్తే రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 1988, 42వ సెక్షన్ కింద 1,000 పౌండ్ల దాకా జరిమానా. ప్రమాదం జరిగితే, బండి స్థితి బాగాలేదన్న సాకుతో మూడో వ్యక్తికి పరిహారం ఎగ్గొట్టే వీలు ఇన్సూరెన్స్ కంపెనీకి 148వ సెక్షన్ ఇవ్వదు. కానీ అలా కట్టిన సొమ్మును తిరిగి మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు అదే సెక్షన్ ఇస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఇది ఇంట్లో కట్టిన కారని చెప్పండి, ఏం మార్చినా తెలియజేయండి.

విజయవాడ విషయం. ఐవీఏ సర్టిఫికెట్ బ్రిటన్‌లో ఆ ఒక్క కారుకు ఇచ్చినది, భారత్‌లో దానికి విలువ లేదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవు ద్వారానే తేవాలి, సుంకం భారం చాలా ఎక్కువ. పైగా మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 126వ నిబంధన నమూనా పరీక్షను వాహన తయారీదారును దృష్టిలో పెట్టుకుని రాశారు, ఇంట్లో ఒక్క కారు కట్టుకున్న వ్యక్తికి అది అందే దారి కాదు. అక్కడి బండినే తీసుకుని ఇలా మార్చుకోవచ్చు కదా అనుకుంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) కింద అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి ఈ కారును మిల్టన్ కీన్స్‌లోనే నడుపుకోండి. అమ్మేటప్పుడు కొనేవారికి ఐవీఏ కాగితాలు, లైట్ల రసీదులు కలిపి ఇవ్వండి.