ఆరు నెలలు ఆగమని అమ్మకు చెప్పొద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాయచోటి దగ్గర పల్లె. మా అమ్మకు 47 ఏళ్లు. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ పోయింది. సేటు జీతం ఇవ్వకపోతే ఆ ఇంట్లోంచి వచ్చేసింది. ఇప్పుడు ఖల్లివల్లి, అంటే యజమానిని వదిలేసి సరైన కాగితాలు లేకుండా ఉంటోంది, నాలుగిళ్లలో పార్ట్‌టైమ్ చేస్తోంది. కొన్ని నెలలుగా నెలసరి పది పన్నెండు రోజులైనా ఆగడం లేదు, గడ్డలు పడుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రికి పోతే పోలీసులకు పట్టిస్తారని టెన్షన్. నెలసరి ఆపే మాత్రలు పంపమంటోంది. ఇంకో ఆరు నెలలు ఉంటే అప్పు తీరుతుందని నాన్న అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఈ జవాబు నాన్నగారికి చదివి వినిపించు. ఆరు నెలలు ఆగకూడదు. ఈ వయసులో ఇలా రక్తం పోతుంటే ఫైబ్రాయిడ్లు కావచ్చు, గర్భసంచి లోపలి పొర మందమై ఉండొచ్చు, కొందరిలో క్యాన్సర్ కూడా కావచ్చు. పరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేం. మాత్రలు పంపొద్దు. రక్తం కొన్నాళ్లు ఆగుతుంది, లోపల జబ్బు అలాగే ఉంటుంది. ఊరివాళ్ల చేతికి నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు కూడా ఇవ్వొద్దు. ట్రమడాల్ లాంటివి దొరికితే తీసుకుపోయినవాళ్లు జైలుపాలవుతారు.

పగలు వెలుతురులో వీడియో కాల్ చేసి, కింది కంటిరెప్పను వేలితో లాగి చూపించమను. లోపల ఎర్రగా లేక పాలిపోయి ఉంటే రక్తం బాగా తగ్గినట్టే. అక్కడి ఫార్మసీలో ఐరన్ మాత్రలు కొనుక్కుని నిమ్మరసంతో వేసుకోమను, చాయ్‌తో కాదు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగి పడిపోయినా కాగితాల సంగతి ఆలోచించకుండా 112కు ఫోన్ చేయాలి. పట్టుబడితే ఊరికి పంపేస్తారు. ప్రాణం పోతే వచ్చేది పెట్టె.

ఆమె భయం ఉత్తది కాదు. మగవాళ్లూ ఖల్లివల్లి అవుతారు. కానీ మనవాళ్లు ఎక్కువగా ఉండే జిలీబ్‌లో ఒక రూములో పదిమంది ఉంటే బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) ఉన్న ఒకడైనా డాక్టరు దాకా తోడొస్తాడు. ఇంటిపనికి పోయిన ఆడమనిషికి గేటు దాటాలన్నా మామ (ఇంటి యజమానురాలు) ఒప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చినావిడ ఒకరు, ప్యాడ్లు అడగలేక పాత నైటీ చింపి వాడుకున్నానని చెప్పింది. పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదని, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని అక్కడి 2015 చట్టమే చెబుతోంది. అయినా ఆకామా (అక్కడ ఉండే అనుమతి) కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మీద ఉంటుంది కాబట్టి ఆ ఇల్లు వదిలితే కేసు ఆమె మీదే. జీతం ఎగ్గొట్టినవాడు బాగానే ఉంటాడు. ఇది నాకెప్పటికీ మింగుడుపడదు. పెళ్లి కాగితం లేకుండా గర్భం వస్తే అక్కడ కేసవుతుంది. అందుకే ఏ జబ్బు వచ్చినా ఆడవాళ్ల వార్డంటే మనవాళ్లకు వణుకు.

రావడానికి దారి ఉంది. పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ఎంబసీ అవుట్‌పాస్ (ఊరికి రావడానికి తాత్కాలిక ప్రయాణ పత్రం) ఇస్తుంది. ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు అక్కడ షెల్టర్ కూడా ఉంది. డబ్బు లేకపోతే టికెట్టుకు, అత్యవసర వైద్యానికి ఎంబసీలోని సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. నువ్వు ఇక్కడి నుంచే మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. పాస్‌పోర్టు జిరాక్సు జతచేసి, జబ్బు సంగతి తప్పకుండా రాయి. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు జరిమానా కట్టకుండానే చాలామంది వచ్చేశారు. మళ్లీ ఎప్పుడో ఇస్తారని కాచుక్కూర్చోవద్దు.

వచ్చిన వారంలోనే కడప పెద్దాస్పత్రిలో హిమోగ్లోబిన్, స్కాన్ చేయించు. గర్భసంచి తీసేద్దామని ఎవరైనా మొదటిరోజే అంటే తలూపొద్దు. ముందు లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపమని అడుగు.