మామగారి డీడీ 214లో లేని మెడల్స్ గురించి

మీ మామగారు వియత్నాంలో పనిచేసి 1970లో అమెరికా ఆర్మీ నుంచి బయటికి వచ్చారు, డీడీ 214లో (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం) పర్పుల్ హార్ట్, గ్యాలంట్రీ క్రాస్ రెండూ లేవు అన్నారు కదండీ. ఆ రెండూ వేర్వేరు రకాలు: పర్పుల్ హార్ట్ గాయపడిన సైనికుడికి ఇచ్చేది, గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్ మొత్తం దళానికి దక్షిణ వియత్నాం ఇచ్చిన గౌరవం.

గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్ గురించి టెన్షన్ వద్దు. వియత్నాంలోని ఆర్మీ యూనిట్లకు దాన్ని ఒకే జనరల్ ఆర్డర్‌తో ఇచ్చింది 1974లో. 1970 నాటి కాగితంలో అది ఎలా ఉంటుంది? ఆయన అక్కడ పనిచేసినట్టు రికార్డులో ఉంటే చాలు.

పర్పుల్ హార్ట్‌కే పని ఎక్కువ. శత్రువు చర్య వల్లే గాయమైందని, వైద్యాధికారి చికిత్స చేశారని కాగితం చూపాలి. డీడీ 214 ఒక్కటే కాకుండా, సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రం నుంచి మొత్తం ఫైలు, వైద్య రికార్డులతో సహా, స్టాండర్డ్ ఫారం 180 అనే దరఖాస్తుతో అడగండి. ఆ కేంద్రంలో 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆర్మీ ఫైళ్లలో కాలిపోయినవి 1960కి ముందు విడుదలైన వాళ్లవి. ఆయనది ఆ గుంపులో లేదు, అదృష్టం.

మామగారు కాలం చేశారు కాబట్టి సంతకం మీ వారిదే ఉండాలి. కోడలిని దగ్గరి బంధువుగా లెక్కించరు, కష్టపడేది మీరైనా సరే! మరణ ధ్రువపత్రం జత చేయండి.

ఆర్మీ ఒప్పుకుంటే డీడీ 215 అనే సవరణ పత్రం వస్తుంది. పాత 214ను మార్చరు. కాదంటే డీడీ 149 అనే దరఖాస్తుతో ఆర్మీ రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లాలి. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అని గడువు ఉన్నా, న్యాయం కోసం బోర్డు సడలించవచ్చు. ఆలస్యానికి కారణం మాత్రం రాయండి.