పాలు పడని పసివాళ్లకు ఏ పాలు?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. ఆవుపాలు తాగిన పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు వచ్చాయి. పాల ఎలర్జీ అని డాక్టరుగారు తేల్చారు. కోడిగుడ్డు కూడా పడదు. సోయా పడుతోంది. సోయా పాలు, బాదం పాలు, ఓట్స్ పాలు, బియ్యం పాలు అని రకరకాల డబ్బాలు కనిపిస్తున్నాయి. ఏది ఇవ్వాలి, రోజుకు ఎంత ఇవ్వాలి?

జవాబు: సోయా పడుతోందంటే సగం చిక్కు తీరినట్టే. డబ్బా మీద ‘పాలు’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపలున్నవి ఒకటి కావు. 100 మి.లీ. ఆవుపాలలో సుమారు 3.3 గ్రాముల ప్రొటీన్, అంతే కొవ్వు, 60 కేలరీలు, 120 మి.గ్రా. కాల్షియం ఉంటాయి. సోయా పాలలో, బఠాణీ ప్రొటీన్‌తో చేసిన పాలలో ప్రొటీన్ 3 గ్రాముల దాకా ఉంటుంది. ఓట్స్ పాలలో ఒక గ్రాము. బాదం పాలలో అర గ్రాము. బియ్యం పాలలో, తాగడానికి పల్చగా చేసి అమ్మే కొబ్బరి పాలలో అది కూడా ఉండదు. డబ్బా బాదం పాలలో బాదం పప్పు చాలాసార్లు 2 శాతమే, మిగిలిందంతా దాదాపు నీళ్లే. అందుకే 100 మి.లీ.కి 15 కేలరీలు కూడా దాటకపోవచ్చు. చిట్టి పొట్ట అలాంటి నీళ్లతో నిండితే అన్నానికి చోటుండదు.

మీ బాబుకు సోయా పాలే తీసుకోండి. చక్కెర కలపనిది, కాల్షియం, విటమిన్ డి, బి12 చేర్చినది అయి ఉండాలి. లేబుల్ మీద 100 మి.లీ.కి 120 మి.గ్రా. కాల్షియం కనిపించాలి. ఆర్గానిక్ అని అమ్మే రకాల్లో చాలావాటికి ఇవేవీ చేర్చరు, కాబట్టి ఆ మాట చూసి మోసపోవద్దు.

రోజుకు 400 మి.లీ. చాలు. ప్రొటీన్ 12 గ్రాములు, కాల్షియం 480 మి.గ్రా. వస్తాయి. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు ప్రొటీన్ రోజుకు 13 గ్రాములు సరిపోతుంది. కాల్షియం ఎంత కావాలన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా చెబుతారు, 350 నుంచి 700 మి.గ్రా. వరకు. 500 గురి పెట్టుకుంటే బాగుంటుంది. ఇక లోటు పడేది కొవ్వు. అదే 400 మి.లీ. ఆవుపాలు 240 కేలరీలు ఇస్తే సోయా 160 ఇస్తుంది. ఆ తేడాను పూడ్చడానికి రోజు మొత్తంలో తిండిలో రెండు టీస్పూన్ల నూనె అదనంగా కలపండి. రెండేళ్లు నిండేదాకా కొవ్వు తగ్గించే ఆలోచనే వద్దు.

చేర్చిన కాల్షియం పాలలో కరగదు, పొడిగా తేలుతూ ఉండి నెమ్మదిగా డబ్బా అడుగుకు దిగుతుంది. కదపకుండా పోస్తే బాబు తాగేది పైన తేరిన పల్చటి పాలే, కాల్షియం డబ్బాతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది. పోసే ముందు ప్రతిసారీ గట్టిగా కుదపండి. ఇంత చిన్న పని చేయకపోతే బిడ్డకు అందాల్సిన కాల్షియం అందదు.

ప్రశ్న: మా పాపకు 20 నెలలు. ఆవుపాలు, సోయా, వేరుశనగ మూడూ పడవు. మరి ఏం తాగించాలి?

జవాబు: మూడు ఎలర్జీలున్న పిల్లకు పాలు మార్చేముందు డాక్టరుతోపాటు పోషకాహార నిపుణుల్ని కూడా కలవండి. ఇప్పుడు ప్రత్యేక ఫార్ములా తాగుతూ ఉంటే (పాల ప్రొటీన్‌ను ముక్కలుముక్కలుగా విడగొట్టినది గానీ, అమైనో ఆమ్లాలతో చేసినది గానీ) దాన్ని రెండేళ్లదాకా కొనసాగించడం అన్నిటికన్నా నిశ్చింత. తల్లిపాలు తాగుతుంటే మానిపించకండి. ‘హెచ్‌ఏ’ అని రాసి ఉండే, ప్రొటీన్‌ను కొంతవరకే విడగొట్టిన ఫార్ములా మాత్రం పాల ఎలర్జీ ఉన్నవాళ్లకు పనికిరాదు. పేరు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడతారు.

ఫార్ములా దొరకకపోయినా, పాప తాగనని మొండికేసినా ఓట్స్ పాలవైపు వెళ్లవచ్చు. కానీ అప్పుడు పాల పని తిండి చేయాలి. 400 మి.లీ. ఓట్స్ పాలలో 4 గ్రాముల ప్రొటీనే ఉంటుంది. ఆవుపాలతో పోలిస్తే 9 గ్రాములు తక్కువ. మెత్తగా ఉడికిన పప్పు 100 గ్రాములు, లేదా ఉడికించిన కోడిమాంసం 30 గ్రాములు ఆ తొమ్మిదీ ఇస్తాయి. పప్పు ఒక్కసారే అంత తినలేదు, మూడు పూటలకు పంచండి. వేరుశనగ పడని పిల్ల కాబట్టి ఇంతకుముందు తిని అరిగించుకున్న పప్పులే పెట్టండి.

బఠాణీ పాల దగ్గర కొంచెం ఆగండి. బఠాణీ, వేరుశనగ, సోయా ఒకే కుటుంబానివి. వేరుశనగ పడని పిల్లల్లో ఎక్కువమంది బఠాణీలు హాయిగా తింటారు, నిజమే. కానీ డబ్బాలో ఉన్నది గింజలోంచి తీసి చిక్కబరిచిన ప్రొటీన్. ఉడికిన బఠాణీలు నాలుగు తిన్నప్పుడు ఏమీ కాని పిల్లకు దీనితో దద్దుర్లు రావచ్చు. మొదటి గుక్క డాక్టరుగారి ఎదుట తాగించండి. గోధుమ కూడా పడదని తేలితే ఓట్స్ పాలు కూడా ‘గ్లూటెన్ రహితం’ అని ఉన్నవే కొనండి. మామూలు ఓట్స్‌లో మిల్లు దగ్గరే గోధుమ కలవవచ్చు.

అయోడిన్ సంగతి చాలామందికి తట్టదు. ఈ వయసులో రోజుకు 90 మైక్రోగ్రాములు కావాలి. చాలాచోట్ల పిల్లలకు అది అందేది పాల నుంచే. మొక్కల నుంచి తీసిన పాలలో ఎక్కువవాటికి అయోడిన్ చేర్చరు. లేబుల్‌లో లేకపోతే డాక్టరునడిగి చుక్కల మందు రూపంలో ఇవ్వాలి. అంతేగాని తిండిలో ఉప్పు పెంచకూడదు.

ప్రశ్న: ఆవుపాలు పడకపోతే మేకపాలు ఇవ్వమంటున్నారు పెద్దవాళ్లు. గేదెపాలు, ఏ2 పాలు, లాక్టోస్ తీసేసిన పాలు పనికొస్తాయా?

జవాబు: ఏవీ పనికిరావు. మేకపాల ప్రొటీన్, ఆవుపాల ప్రొటీన్ అక్కచెల్లెళ్ల లాంటివి. ఆవుపాలు పడనివాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది పైగా మేకపాలకు కూడా అలాగే స్పందిస్తారు. గేదె, గొర్రె పాలదీ అదే దారి. ఏ2లో మారింది పాలలోని ముఖ్య ప్రొటీన్ అయిన కేసిన్‌లోని ఒక్క రకం మాత్రమే, మిగతా ప్రొటీన్లన్నీ అలాగే ఉన్నాయి. లాక్టోస్ అంటే పాలలోని చక్కెర. అది అరగకపోవడం వేరే సమస్య. చక్కెర తీసేసినా బిడ్డకు పడని ప్రొటీన్ గ్లాసులోనే ఉంటుంది. పెద్దవాళ్లు మంచి మనసుతోనే చెబుతున్నారు, కానీ ఒక్క గుక్కతో ఊపిరి ఆడని స్థితి రావచ్చని వాళ్లకు తెలియాలి.

ప్రశ్న: ఇంట్లోనే బాదం నానబెట్టి పాలు తీస్తే కల్తీ ఉండదు కదా? బియ్యం పాలైతే ఏ ఎలర్జీ ఉండదు కదా?

జవాబు: కల్తీ ఉండదు, కాల్షియం కూడా దాదాపు ఉండదు. వడకట్టి పారేసిన పిప్పిలోకి ప్రొటీన్, కొవ్వు కొంతవరకు వెళ్లిపోతాయి. వంటలో వాడుకోండి, రోజువారీ పాలుగా వద్దు.

బియ్యం పాల వల్ల ఎలర్జీ అరుదే. కానీ ప్రొటీన్ లేదు, ఉన్నదంతా పిండి విరిగి ఏర్పడిన చక్కెరే. పైగా వరి నేలలోని ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని పీల్చుకుంటుంది. అందుకే బ్రిటన్‌లో ఐదేళ్లలోపు పిల్లలకు పాలకు బదులుగా దీన్ని ఇవ్వవద్దంటారు. దీన్నే ప్రధాన ఆహారంగా తాగిన పసివాడికి ప్రొటీన్ లోపంతో ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్ వచ్చిన ఉదంతం 2001లో అమెరికా వైద్య పత్రికలో నమోదైంది. పెంచినవాళ్లు బిడ్డను పస్తు పెట్టలేదు. మంచిదనే నమ్మి తాగించారు.

ప్రశ్న: కొత్త పాలు నోట్లో పోస్తే ఉమ్మేస్తున్నాడు. ఎలా అలవాటు చేయాలి?

జవాబు: ముందు పడుతుందో లేదో చూడాలి, ఆ తర్వాతే అలవాటు. ఇదివరకు ఏ తిండికైనా ఊపిరాడని స్థితి వచ్చిన పిల్లవాడికి, తీవ్రమైన ఆస్తమా ఉన్నవాడికి ఇంట్లో ఏ పరీక్షా వద్దు. మిగతావాళ్లకు జ్వరం, జలుబు లేని రోజు ఉదయాన అర టీస్పూను ఇవ్వండి. సాయంత్రం ఇస్తే రాత్రి నిద్రలో ఏమైనా అయినా మీకు తెలియదు. అరగంట చూసి రెండు టీస్పూన్లు, ఆపైన 30 మి.లీ. ఇచ్చి రెండు గంటలు కనిపెట్టండి. ఆ తర్వాత మూడు రోజులు మరే కొత్త తిండీ పెట్టకండి. విరేచనాల్లో జిగురు, రక్తం, ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టడం) పెరగడం వంటివి 72 గంటల దాకా ఆలస్యంగా బయటపడతాయి.

పడిందని తేలాక, తాగుతున్న ఫార్ములా మూడు వంతులకు కొత్త పాలు ఒక వంతు కలిపి మూడు రోజులు ఇవ్వండి. తర్వాత సగం సగం, ఆపైన ఒకటికి మూడు. పదిరోజుల్లో నాలుక అలవాటు పడుతుంది. చక్కెర కలిపి మరిపించకండి. సీసా మానిపించి కప్పుతో తాగించండి, ఓట్స్ పాలలోని మాల్టోస్ అనే చక్కెర రాత్రంతా పళ్లకు అంటుకుంటే పుచ్చిపోతాయి. సోయా పాలను పులుపుతో కలిపి కాచితే విరుగుతాయి, ఓట్స్ పాలు కాచితే జావలా చిక్కబడతాయి. రెండూ పాడైనట్టు కాదు.

నెలకోసారి బరువు తూచి గ్రోత్ చార్ట్ (వయసుకు తగ్గ ఎదుగుదల చూపే పటం) మీద గుర్తు పెట్టండి. గీత పక్కకు పాకినా, కిందికి వాలినా మీరు ఎంచుకున్న పాలు సరిపోవడం లేదనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ‘నాన్ డెయిరీ’ (పాలు లేనిది) అని రాసి ఉన్న క్రీము తిన్నాక పాపకు దద్దుర్లు లేచాయి. ఎందుకిలా?

జవాబు: చాలాచోట్ల ఆ మాట ఉన్నా లోపల సోడియం కేసినేట్ ఉండవచ్చు, అది పాల ప్రొటీనే. ముందున్న పెద్ద అక్షరాలు వదిలేసి వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. కేసిన్, కేసినేట్, వే (whey), లాక్టాల్బుమిన్, మిల్క్ సాలిడ్స్, బటర్, నెయ్యి, వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. లాక్టిక్ ఆమ్లం, కోకో బటర్ పేర్లు చూసి భయపడనక్కర్లేదు, అవి పాలవి కావు. కొన్ని పొడి ఇన్‌హేలర్లలో లాక్టోస్ వాడతారు, అందులో పాల ప్రొటీన్ జాడలు ఉండవచ్చు. అందుకని మందుల దుకాణంలో కూడా ఎలర్జీ సంగతి చెప్పండి.

ప్రశ్న: ఈ ఎలర్జీ ఎప్పటికైనా పోతుందా? మధ్యమధ్యలో కొంచెం పాలు పోసి చూడవచ్చా?

జవాబు: ఎక్కువమంది పిల్లల్లో పోతుంది. ఆలస్యంగా లక్షణాలు వచ్చే రకం మూడేళ్లలోపే చాలామందిలో తగ్గుతుంది. వెంటనే దద్దుర్లు వచ్చే రకానికి ఇంకా కొన్నేళ్లు పట్టవచ్చు. కానీ పాలు పోసి చూడకండి. మొదట ఓర్చుకోగలిగేది పచ్చిపాలూ కాదు, కాచిన పాలూ కాదు, పిండిలో కలిసి 180 డిగ్రీల వేడిలో అరగంట కాలిన పాలు. ఆ వేడికి ప్రొటీన్ రూపం మారుతుంది, పిండితో ముడిపడుతుంది. పాలు పడని పిల్లల్లో చాలామంది అలా కాలినది తినగలరు. అక్కడ మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి వెళ్లే పద్ధతి ఉంది, కానీ వెంటనే స్పందించే పిల్లలకు మొదటి మెట్టు ఆస్పత్రిలోనే ఎక్కించాలి. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి ‘ఇప్పుడు మళ్లీ చూద్దామా’ అని మీరే అడగండి. వెళ్లేటప్పుడు బిడ్డ పొరపాటున ఏం తిన్నాడో, ఎన్ని నిమిషాలకు ఏమైందో రాసుకుని తీసుకెళ్లండి. అడ్రినలిన్ ఇంజక్షన్ (ఎలర్జీతో ఊపిరాడనప్పుడు ఇచ్చేది) రాసిచ్చి ఉంటే దాని గడువు తేదీ కూడా అదేరోజు చూసుకోండి.