గోధుమ అలర్జీకి గ్లూటెన్ మానేస్తే సరిపోతుందా?

చపాతీ తిన్న కాసేపటికే బాబుకి దద్దుర్లు వస్తున్నాయి, గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్లు కొంటే చాలా అని అడిగారు. చాలదండీ.

గోధుమలో చాలా రకాల ప్రొటీన్లుంటాయి, గ్లూటెన్ వాటిలో ఒక రకం మాత్రమే, అలర్జీ వాటిలో దేనికైనా రావచ్చు. తిన్న నిమిషాల్లో, సాధారణంగా 2 గంటల లోపే దద్దుర్లో, పెదాల వాపో కనిపిస్తుంది. ఆయాసం వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కొన్ని గ్లూటెన్ ఫ్రీ సరుకుల్లో, ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చేవాటిలో, గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ ఉంటుంది. మీ బాబుకి అది కూడా పడకపోవచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ చదవండి.

గ్లూటెన్ పూర్తిగా మానాల్సింది సీలియాక్ జబ్బున్నవాళ్లు. అందులో గ్లూటెన్ తింటే రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగునే మెల్లగా దెబ్బతీస్తుంది. బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది కాబట్టి వాళ్లకి అది కూడా పనికిరాదు. ఈ జబ్బుందేమోనని డాక్టర్‌కి అనుమానం ఉంటే, ఆయన్ని అడగకుండా ముందే గోధుమ మానేయకండి, రక్తపరీక్షలో తేలకుండా పోవచ్చు.

మన చిత్తూరు వైపు రాగి సంగటి, ఊరిబిండి ఉండనే ఉన్నాయి, వాటిలో గోధుమ లేదు. ఉప్మా రవ్వ మాత్రం గోధుమదే. పొడి ఇంగువలో తరచూ గోధుమపిండో మైదానో కలుపుతారు, పులిహోర తాలింపు వేసేముందు ఆ డబ్బా ఒకసారి చూడండి.